రాజు మారిన సంవత్సరమున: యెషయా 6–8 అధ్యాయాల ధ్యానం

వాక్యభాగము: యెషయా 6:1–13; 7:1–9; 8:11–13. ముందుగా 2 దినవృత్తాంతములు 26వ అధ్యాయం ఒకసారి చదువుకుని రండి.



2025 జనవరి 6, సోమవారం. క్రిస్మస్ సెలవులు అయిపోయి చాలామందిమి మళ్లీ లాప్‌టాప్‌లు తెరిచిన రోజు. ఒట్టావాలో తన నివాసం బయట చలిలో నిలబడి ప్రధాని జస్టిన్ ట్రూడో ఒక ప్రకటన చేశారు. పార్టీ కొత్త నాయకుణ్ణి ఎన్నుకోగానే తాను తప్పుకుంటానని, పార్లమెంటు మార్చి 24 వరకు ప్రొరోగ్ అయిందని చెప్పారు. మా ఫెలోషిప్ వాట్సాప్ గ్రూపు ప్రార్థన అంశాల కోసం పెట్టుకున్నది. ఆ సాయంత్రానికి అందులో నూట ఎనభై మెసేజ్‌లు చేరాయి. వాటిలో ప్రార్థన అంశం ఒకే ఒకటి, ఒక అమ్మగారి మోకాలి ఆపరేషన్. దానికి స్పందించినవారు ఇద్దరు.

ఆ శుక్రవారం కూడికలో పాటలకంటే మాటలే ఎక్కువ నడిచాయి. ఎవరి దిగులు వారిది. కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో పనిచేసే అన్నగారికి అమెరికా సుంకాల భయం. చదువు ముగించుకుని వర్క్ పర్మిట్ మీద ఉన్న పిల్లలకు పీఆర్ భయం. ఇల్లు కొన్నవారికి వడ్డీ భయం. ఊరికి డబ్బు పంపేవారికి డాలరు పడిపోతోందన్న బాధ. అప్పటికే కెనడా డాలరు 70 అమెరికన్ సెంట్ల దిగువకు వచ్చేసింది. ఇన్ని భయాల చివర వినబడింది మాత్రం ఒకే మాట: "ఇక ఎవరొస్తారో ఏమో!"

లండన్‌లో ఉన్న మా పిన్నిగారి కుటుంబం ఇదే మాట 2016 నుండి అంటూనే ఉంది. ఆ ఏడాది జూన్ 23న బ్రెగ్జిట్ ఓటింగ్ జరిగింది, మర్నాడే డేవిడ్ కామెరాన్ రాజీనామా ప్రకటించారు. ఆ తరువాత థెరిసా మే, బోరిస్ జాన్సన్, లిజ్ ట్రస్, రిషి సునాక్. ఆరేళ్లలో ఒకే దేశం అయిదుగురు ప్రధానులను చూసింది. అప్పట్లో వాళ్ల ఫోన్లు విని, "అంత కంగారెందుకు పిన్నీ, దేవుడున్నాడుగా" అని తేలిగ్గా అనేవాణ్ణి. మన ఇంటి కప్పు కారినప్పుడు తెలుస్తుంది వాన సంగతి.

ఉజ్జియా ఎవరు?

యెషయా తన దర్శనాన్ని చెప్పేముందు ఒక తేదీ వేశాడు. రాజైన ఉజ్జియా చనిపోయిన సంవత్సరం అన్నాడు. బైబిలు పండితులు దాన్ని క్రీ.పూ. 740 ప్రాంతంగా లెక్కిస్తారు. ప్రవక్త కావాలంటే "నేను ప్రార్థించుచుండగా" అని మొదలుపెట్టవచ్చు. అలా కాకుండా దేశమంతా మాట్లాడుకుంటున్న వార్తతోనే మొదలుపెట్టాడు. ఆత్మీయులు వార్తలు పట్టించుకోకూడదనే మన పెద్దలు కొందరికి ఈ ఒక్క వచనం చాలు జవాబు చెప్పడానికి.

2 దినవృత్తాంతములు 26 ప్రకారం ఉజ్జియా పదహారేళ్లకే రాజై 52 సంవత్సరాలు ఏలాడు. యెరూషలేములో బురుజులు కట్టించాడు, అరణ్యంలో తొట్లు తవ్వించాడు. వ్యవసాయమంటే అతనికి ఇష్టమని కూడా అక్కడ రాశారు. మూడు లక్షల ఏడువేల ఐదువందల సైన్యం. బురుజుల మీద నుండి అంబులు, పెద్ద రాళ్లు విసిరే యంత్రాలు. ఆనాటి సాంకేతిక పరిజ్ఞానంలో ముందున్న రాజు అన్నమాట, మా వృత్తివాళ్లకు నచ్చే మనిషి. యూదాలో యాభై ఏళ్ల మనిషికి కూడా ఇతను తప్ప మరో రాజు తెలియదు.

ట్రూడో ప్రధాని అయింది 2015 నవంబరు 4న. మన సహవాసంలో సగానికి పైగా ఆ తరువాత విమానం దిగినవాళ్లమే. మనకు కెనడా అంటే ఆ ముఖమే. ఆయనను మెచ్చుకున్నవారికీ తిట్టుకున్నవారికీ కూడా అంతే.

అయితే ఉజ్జియా కథలో రెండో సగం ఉంది. బలపడే వరకు దేవుని సహాయం అతనికి ఆశ్చర్యకరంగా అందింది. బలపడిన తరువాత మనస్సు గర్వించింది. తనది కాని పని చేయబోయి, ధూపం వేయడానికి దేవాలయంలోకి వెళ్లాడు. యాజకుడైన అజర్యా, ఎనభైమంది యాజకులు అడ్డుపడ్డారు. నొసట కుష్ఠు పుట్టింది. చనిపోయే దాకా ప్రత్యేకమైన ఇంట్లో ఉన్నాడు, కుమారుడు యోతాము పరిపాలన చూశాడు. అంటే ప్రజలు ఆనుకున్న సింహాసనం ఉజ్జియా చనిపోకముందే లోపల గుల్ల అయ్యింది. మన విషయంలోనూ అసలు మార్పు జనవరి 6న రాలేదు. ఆర్థికమంత్రి క్రిస్టియా ఫ్రీలాండ్ 2024 డిసెంబరు 16నే రాజీనామా చేశారు. వలసలు తగ్గించే ప్రణాళిక ఇంకా ముందుగా, అక్టోబరు 24న వచ్చింది. 2025కు ఐదు లక్షలు అనుకున్న పీఆర్ సంఖ్యను 3,95,000కు, 2026కు 3,80,000కు, 2027కు 3,65,000కు తగ్గించారు. నవంబరులో విద్యార్థుల ఎస్‌డీఎస్ దారి మూసేశారు. ఇదంతా చేసింది పాత ప్రభుత్వమే. కొత్తగా ఎవరొస్తారో అని మనం వణుకుతున్నప్పుడు, మన జీవితాలను మార్చే సంతకాలు అప్పటికే పడి ఉన్నాయి.

యెషయా కాలంలోనూ అంతే. క్రీ.పూ. 745లో అష్షూరులో తిగ్లత్పిలేసెరు రాజయ్యాడు. అతని సైన్యం పడమరకు కదులుతోంది. యూదా పక్కన బలమైన పొరుగువాడు లేచాడు, సరిగ్గా అప్పుడే ఇంట్లో పెద్దరాజు పోయాడు. కెనడావారికి ఈ రెండు వాక్యాలకు వ్యాఖ్యానం అక్కర్లేదు. ఫిబ్రవరి 1న 25 శాతం సుంకాల ఉత్తర్వు, 3న ముప్పై రోజుల వాయిదా, మార్చి 4న అమలు, 6న మళ్లీ చాలా సరుకులకు మినహాయింపు. మధ్యలో "51వ రాష్ట్రం" అన్న మాట. రాత్రి ఒకటి విని పడుకుంటే పొద్దున మరొకటి.

ఆ గాలిలో యెషయా చూసింది ఏమిటి? ప్రభువు అత్యున్నతమైన సింహాసనం మీద కూర్చుని ఉన్నాడు. కూర్చుని ఉన్నాడన్న మాట దగ్గర కాస్త ఆగండి. యెరూషలేము వీధుల్లో జనం గుంపులు గుంపులుగా నిలబడి మాట్లాడుకుంటూ ఉండి ఉంటారు. అక్కడ పైన ఎవరూ కంగారుగా లేవలేదు.

పెదవుల సంగతి

ఈ దర్శనం చూసిన ప్రవక్త నోట వచ్చే మొదటి మాట ఏదై ఉండాలి? నేనైతే "ప్రభువా, అష్షూరు సంగతి చూడు" అని ఉండేవాణ్ణి. లేదా "యోతాము మంచివాడేనా?" అని అడిగి ఉండేవాణ్ణి. యెషయా తన పెదవుల గురించి మాట్లాడాడు. తనవి అపవిత్రమైన పెదవులని, తాను కాపురముంటున్న జనుల పెదవులూ అలాంటివేనని ఒప్పుకున్నాడు. దేశ సంక్షోభం మధ్యలో ప్రవక్తకు మొదట కనబడిన లోపం పాలకుల్లో కాదు, తన నోటిలో.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. జనవరి రెండో వారంలో నాకొక మెసేజ్ వచ్చింది. పార్లమెంటు మళ్లీ తెరిచేదాకా వర్క్ పర్మిట్ల పనులన్నీ నిలిచిపోతాయని, ఈలోపు దేశం దాటినవారిని తిరిగి రానివ్వరని దాని సారాంశం. పైన ప్రభుత్వ చిహ్నం లాంటి బొమ్మ ఉంది. నేను కంప్యూటర్ సైన్స్‌లో మాస్టర్స్ చదివాను. ఒక వెబ్ చిరునామా నిజమైనదో కాదో చూడడం నా రోజువారీ పని. అయినా చూడలేదు. "ఎందుకైనా మంచిది, జాగ్రత్త" అని రాసి గ్రూపులో పెట్టాను. మన సహోదరి ఒకామె నాన్నగారి గుండె ఆపరేషన్ కోసం గుంటూరు వెళ్లాల్సి ఉంది. నేను పెట్టాను కాబట్టి నిజమే అనుకుని టికెట్ రద్దు చేసుకుంది. డబ్బు పోయింది. దానికంటే పెద్దది, ఆపరేషన్ రోజున నాన్న పక్కన ఆమె లేదు. దేవుని కృపవల్ల ఆయన కోలుకున్నారు. నేను క్షమాపణ అడిగితే, "పర్లేదు అన్నయ్యా, మీరు మంచికే పెట్టారు కదా" అంది. ఆ మాటే ఎక్కువ గుచ్చుకుంది. మంచికి పెట్టలేదు. ముందుగా చెప్పినవాణ్ణి నేనే కావాలని పెట్టాను.

ఆరోజు ఆమెకు చెప్పాల్సిన నిజం చాలా చిన్నది. ప్రొరోగ్ అంటే పార్లమెంటు సమావేశాల కాలం ముగియడం. ప్రధాని సలహాపై గవర్నర్ జనరల్ ఆ పని చేస్తారు. అప్పటికి చట్టం కాని ప్రభుత్వ బిల్లులు చచ్చిపోతాయి, కొత్త సమావేశాల్లో మళ్లీ మొదలుపెట్టాలి. ఆఫీసులు మాత్రం నడుస్తూనే ఉంటాయి. పాస్‌పోర్టులు వస్తాయి, పర్మిట్లు వస్తాయి, ఆలస్యాలు ఎప్పటిలాగే ఆలస్యాలుగా వస్తాయి. కొందరు దీని మీద ఫెడరల్ కోర్టుకు కూడా వెళ్లారు. 2019లో బ్రెగ్జిట్ వేళ బోరిస్ జాన్సన్ ఇలాగే పార్లమెంటును ప్రొరోగ్ చేయిస్తే, అక్కడి సుప్రీంకోర్టు సెప్టెంబరు 24న అది చెల్లదని పదకొండు మంది న్యాయమూర్తుల ఏకగ్రీవ తీర్పు ఇచ్చింది. ఇక్కడివారు ఆ తీర్పునే ముందు పెట్టి వాదించారు. కానీ మార్చి 6న ప్రధాన న్యాయమూర్తి పాల్ క్రాంప్టన్ వారి దరఖాస్తును కొట్టివేశారు. ఈ సంగతులన్నీ పది నిమిషాలు వెతికితే దొరుకుతాయి. పది నిమిషాలు వెతకడం కూడా ఒక్కోసారి పొరుగువానిని ప్రేమించడమే.

మరో అపవిత్రత కూడా ఉంది, అది ఇంకా నెమ్మదిగా మాట్లాడేది. "ఈ మధ్య వచ్చిన స్టూడెంట్ల వల్లే ఇదంతా పాడైంది" అన్న మాట నేను మన సంఘంలోనే విన్నాను, ప్రభు బల్ల ఆరాధన ముగిసిన పావుగంటకు, భోజనాల దగ్గర. ఆ మాట అన్న అన్నగారికి పక్కన పప్పు వడ్డిస్తున్నది ఆ మధ్యనే వచ్చిన స్టూడెంటే. 2010లో వచ్చినవారు 2022లో వచ్చినవారిని చూసి అలా అంటారు. సెరాపు నిప్పు కారుతో తెచ్చిన నిప్పు యెషయా పెదవులకే ఎందుకు తగిలిందో నాకు ఆరోజు కొంచెం అర్థమైంది.

ఆహాజు, కాలువ, వెండి బంగారాలు

ఏడవ అధ్యాయానికి వచ్చేసరికి యోతాము కూడా పోయాడు, అతని కుమారుడు ఆహాజు రాజు. సిరియా రాజు రెజీను, ఇశ్రాయేలు రాజు పెకహు కలిసి యెరూషలేము మీదికి వస్తున్నారన్న కబురు అందింది. రాజు గుండె, ప్రజల గుండె అడవిచెట్లు గాలికి కదిలినట్టు కదిలాయి. గమనించండి, శత్రువు ఇంకా గోడ దగ్గరికి రాలేదు. వచ్చింది కబురే.

దేవుడు యెషయాను ఆహాజు దగ్గరికి పంపిన చోటు చూడండి. పై కోనేటి కాలువ దగ్గర, చాకిరేవు దారిలో. ముట్టడి వస్తే నీళ్లకు ఏం చేయాలో చూసుకోవడానికి రాజు అక్కడికి వెళ్లాడని చాలామంది వ్యాఖ్యాతల అభిప్రాయం. అది తప్పు కాదు. నీళ్లు చూసుకోవడం అవిశ్వాసమని యెషయా అనలేదు. ఉద్యోగం పోతుందేమో అనుకున్నప్పుడు రెజ్యూమె సరిచేసుకోవడం, ఆరు నెలల ఖర్చులు పక్కన పెట్టుకోవడం, పర్మిట్ తేదీలు రాసుకోవడం కాలువ చూసుకోవడం లాంటివే. ప్రవక్త అక్కడికే వచ్చి, పని మధ్యలోనే చెప్పాడు: నెమ్మదిగా ఉండు, భయపడకు, ఆ ఇద్దరూ పొగ రాజుకుంటున్న రెండు కొరకంచు కొనలు. మంట అయిపోయింది, మిగిలింది పొగే. చరిత్ర అలాగే జరిగింది. క్రీ.పూ. 732లో దమస్కు పడింది, 722లో షోమ్రోను పడింది.

కానీ ఆహాజు అప్పటికే మనసులో వేరే దారి చూసుకున్నాడు. 2 రాజులు 16వ అధ్యాయంలో ఉంది. మందిరంలోని వెండి బంగారాలను, రాజనగరు ఖజానాను ఊడ్చి అష్షూరు రాజుకు కానుకగా పంపి, "నేను నీ దాసుణ్ణి, వచ్చి కాపాడు" అని కబురు పెట్టాడు. కాపాడతాడనుకున్నవాడు వచ్చి బలపరచలేదు, బాధపెట్టాడు అని 2 దినవృత్తాంతములు 28:20 చెబుతుంది. భయం మనిషిని ఊరికే కూర్చోబెట్టదు. ఎవరో ఒక అష్షూరు దగ్గరికి తీసుకుపోతుంది.

ఫిబ్రవరిలో మన యౌవనస్థుల్లో ఒక తమ్ముడు రాత్రి పదకొండింటికి మా ఇంటికి వచ్చాడు. చదువైపోయింది, వర్క్ పర్మిట్ చివరి ఏడాది నడుస్తోంది. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో స్కోరు సరిపోవడం లేదు. ఒక ఏజెంటు ఎల్ఎమ్ఐఏ ఉద్యోగం కాగితాల మీద ఇప్పిస్తానన్నాడట. పని చేయక్కర్లేదు, జీతం అతనిదే అతనికి తిప్పి ఇస్తారట. దానికి అడిగిన డబ్బు, వాళ్ల నాన్న దగ్గర మిగిలిన ఎకరం అమ్మితే వచ్చేంత. "కొత్త గవర్నమెంట్ వస్తే ఈ దారి కూడా మూసేస్తారంట అన్నా, ఇప్పుడే చేయించుకోమంటున్నాడు" అన్నాడు.

నిజానికి ఆ దారి మూసే నిర్ణయం 2024 డిసెంబరులోనే ప్రకటించారు. ఉద్యోగ ఆఫరుకు ఇచ్చే 50 పాయింట్లు, పై స్థాయి మేనేజర్లకు ఇచ్చే 200 పాయింట్లు 2025 మార్చి 25 నుండి తీసేశారు. ఇలాంటి కాగితాల అమ్మకాలు తగ్గించడం అందుకు చెప్పిన కారణాల్లో ఒకటి. అంటే ఆ తమ్ముడు ఎకరం అమ్మి కొన్నా, కొన్నది నెలరోజుల్లో చెత్తకాగితం అయ్యేది. అబద్ధం బయటపడితే దేశంలో ఉండే అర్హతే పోతుంది.

నేను ఆ రాత్రి చెప్పింది మాత్రం ఇదంతా కాదు. "ప్రార్థన చేద్దాం తమ్ముడూ, దేవుడు చూసుకుంటాడు" అన్నాను. రెండు నిమిషాలు ప్రార్థించి పంపించేశాను. మర్నాడు నాకు ఆఫీసులో రిలీజ్ ఉంది. అతను వెళ్లాక నిద్ర పట్టలేదు. యెషయా ఆహాజు దగ్గరికి వెళ్లింది ఒక్కడే కాదు, తన కుమారుడు షెయార్యాషూబును కూడా వెంటబెట్టుకుని వెళ్లాడు. కాలువ దాకా నడిచి వెళ్లాడు. నేను సోఫాలోంచి లేవలేదు.

శనివారం ముగ్గురం కలిసి అతని గదికి వెళ్లాం. లైసెన్సు ఉన్న కన్సల్టెంటు అక్క ఒకామె మన సహవాసంలోనే ఉంది, ఆమెనూ పిలిచాం. ఏయే రాష్ట్రాల నామినీ కార్యక్రమాలు ఉన్నాయి, పర్మిట్ అయిపోతే ఏం చేయొచ్చు, ఏం చేయకూడదు అన్నీ కాగితం మీద రాశాం. ఫ్రెంచి వచ్చినవారికి విడిగా డ్రాలు తీస్తున్నారు, వాటిలో కటాఫ్ చాలా తక్కువగా ఉంటోంది. "తెలుగు మీడియం నుంచి ఇంగ్లీషుకు రావడానికే ఇరవై ఏళ్లు పట్టిందన్నా" అని నవ్వాడు. చివర ఒక ప్రశ్న అడిగాడు: "తిరిగి వెళ్లిపోవాల్సి వస్తే, దేవుడు నా ప్రార్థన వినలేదనా?" దానికి మేమెవరం వెంటనే జవాబు చెప్పలేదు. చెప్పకపోవడమే మంచిదైంది. ఏజెంటుకు ఫోన్ చేసి వద్దని చెప్పింది మాత్రం అతనే, మా ముందు కాదు, ఆ తరువాత రెండు రోజులకు.

బందుకట్టు

8:12లో మన తెలుగు బైబిలు ఒక చక్కని మాట వాడింది: బందుకట్టు. కుట్ర అని అర్థం. జనం బందుకట్టు అని పిలిచే ప్రతిదాన్నీ మీరు అలా పిలవొద్దని, వారు భయపడేదానికి మీరు భయపడొద్దని ప్రభువు యెషయాతో గట్టిగా చెప్పాడు. క్రీస్తుకు ఏడువందల ఏళ్ల ముందే ఫార్వర్డుల మీద వచ్చిన ఆజ్ఞ ఇది.

జనవరిలో సర్వేలన్నీ పియర్ పోయిలీవ్రదే ప్రభుత్వమని చెప్పాయి. మార్చి 9న లిబరల్ పార్టీ సభ్యులు 85.9 శాతం ఓట్లతో మార్క్ కార్నీని ఎన్నుకున్నారు. అప్పటికి ఆయన పార్లమెంటు సభ్యుడు కూడా కాదు. మార్చి 14న ప్రమాణం చేశారు. 23న ఎన్నికలు ప్రకటించారు. ఏప్రిల్ 28న లిబరల్స్‌కు 343లో 169 స్థానాలు వచ్చాయి, మెజారిటీకి మూడు తక్కువ. పోయిలీవ్ర 2004 నుండి గెలుస్తున్న తన సొంత స్థానంలో ఓడిపోయారు. ఎన్డీపీ నాయకుడు జగ్మీత్ సింగ్ కూడా ఓడిపోయారు. నాలుగు నెలల్లో లెక్కలన్నీ తలకిందులయ్యాయి. ఆ నాలుగు నెలలూ మనం రాత్రుళ్లు మేలుకుని భయపడిన భవిష్యత్తు అసలు రానేలేదు. వచ్చింది వేరొకటి. బ్రెగ్జిట్ ఓటు రోజున బ్యాంక్ ఆఫ్ ఇంగ్లాండ్ గవర్నరుగా ఉండి, మర్నాడు ఉదయం ఆ దేశానికి ధైర్యం చెప్పిన మనిషే ఇప్పుడు మన ప్రధాని అవుతారని మా పిన్నిగారు కూడా ఊహించలేదు.

అయితే ఒక మాట. భయాలన్నీ పొగే అని చెప్పి చేతులు దులుపుకోవడం నా ఉద్దేశం కాదు. ఏప్రిల్ 3 నుండి కార్ల మీద వచ్చిన 25 శాతం సుంకం పొగ కాదు. ఆ ఫ్యాక్టరీ అన్నగారికి షిఫ్టులు తగ్గాయి. యెషయా కూడా అష్షూరు రాదని చెప్పలేదు. వస్తుంది, మెడ దాకా నీళ్లలా వస్తుంది అన్నాడు (8:8). ముంచేస్తుంది అనలేదు. మెడ దాకా. మన విశ్వాసం చాలాసార్లు నిలబడాల్సింది ఆ లోతులోనే.

రాజుకోసం ప్రార్థన

ప్రభువు సింహాసనాసీనుడైతే మనకు ఓట్లెందుకు, రాజకీయాలెందుకు అని ఒక సహోదరుడు అడిగాడు. కెనడా జాతీయ చిహ్నం మీద ఒక లాటిన్ వాక్యం ఉంటుంది, సముద్రం నుండి సముద్రం వరకు అని అర్థం. అది 72వ కీర్తన 8వ వచనం నుండి తీసుకున్నది. మన పాస్‌పోర్టుల అట్ట మీద ఆ చిహ్నం చూస్తూనే ఉంటాం. కానీ ఆ కీర్తన దేనికోసమో ఎప్పుడైనా చూశారా? అది కొత్త రాజు కోసం ప్రార్థన. నాయకత్వం మారే వేళ దేవుని ప్రజలు చేయడానికి రాసిపెట్టిన ప్రార్థన. అందులో మొదట అడిగేది పన్నుల తగ్గింపు కాదు, ఇమ్మిగ్రేషన్ సంఖ్యలూ కాదు. బీదలకు న్యాయం తీర్చాలని, దిక్కులేనివారిని విడిపించాలని, వారి ప్రాణం అతని కంటికి విలువైనదిగా ఉండాలని అడుగుతుంది. ఓటు హక్కు ఉన్నవారు ఈ కీర్తన చదివి ఓటేయండి అని మా సహవాసంలో చెప్పాం. ఏ పార్టీకో చెప్పలేదు. మా ఇంట్లోనే రెండు ఓట్లు రెండు వైపులా పడ్డాయి, అయినా రాత్రి కుటుంబ ప్రార్థన ఒకటే జరిగింది.

పౌలు 1 తిమోతి 2లో రాజుల కోసం విజ్ఞాపనలతో పాటు కృతజ్ఞతాస్తుతులు కూడా చేయమన్నాడు. ఆ రోజుల్లో రోములో సింహాసనం మీద ఉన్నవాడు నీరో. ట్రూడో తొమ్మిదేళ్లలో మనలో ఎంతమందిమి ఒక్కసారైనా ఆయన కోసం కృతజ్ఞత చెప్పాం? నేను చెప్పలేదు. తిట్టిన లెక్క అయితే ఉంది. 146వ కీర్తన రాజుల మీద నమ్మకం పెట్టుకోవద్దంటూ, వారి ఊపిరి పోయిన రోజే వారి ఆలోచనలూ నశిస్తాయని చెబుతుంది. ప్రొరోగ్ అయినరోజు బిల్లులన్నీ చచ్చిపోయాయని విన్నప్పుడు నాకు ఆ వచనమే గుర్తొచ్చింది. పాపం, మనిషి బతికుండగానే.

మొద్దు

ఆరవ అధ్యాయాన్ని మనం సాధారణంగా 8వ వచనం దగ్గర ఆపేస్తాం, యెషయా తనను పంపమని అడిగిన చోట. దైవసేవకుల ఆర్డినేషన్లలో అంతవరకే చదువుతారు. ఆ తరువాతి వచనాలు కష్టమైనవి. ప్రజలు వినరు, చూడరు. ఎంతకాలం అని ప్రవక్త అడిగితే, పట్టణాలు పాడై ఇళ్లు ఖాళీ అయ్యేదాకా అని జవాబు. చివరికి నరికిన చెట్టు మొద్దు ఒకటి మిగులుతుంది. ఆ మొద్దులో నుండి పరిశుద్ధమైన చిగురు.

ఇప్పుడు 7:4 పక్కన పెట్టి చూడండి. రెండూ కట్టె ముక్కలే. లోకం భయపడేది ఒక కట్టెకు, అది కొరకంచు, కాలి ఆరిపోతోంది. దేవుడు దాచేది మరో కట్టెను, అది నరకబడిన మొద్దు, ఎవరూ దానివైపు చూడరు. ఎనిమిదేళ్లపాటు పునాది వేసుకున్న చదువు, ఉద్యోగం, పీఆర్ దరఖాస్తు ఒక్క నోటీసుతో నేలమట్టమైనవారు మన మధ్య ఉన్నారు. తిరిగి వెళ్లినవారూ ఉన్నారు. వారిని గురించి మాట్లాడేటప్పుడు "పాపం, వాళ్లకు అవ్వలేదు" అంటాం. ఆ తమ్ముడి ప్రశ్నకు నాకు దొరికినంత జవాబు ఈ 13వ వచనమే. చెట్టు నిలిస్తేనే దేవుడు విన్నట్టు అని అక్కడ లేదు.

మా శుక్రవారం కూడికలో ఇప్పుడు చిన్న మార్పు చేసుకున్నాం. ఫోన్లు గుమ్మం దగ్గర బుట్టలో పెడతాం. మొదటి పది నిమిషాలు ప్రధాని కార్నీ, ప్రతిపక్షాలు, ఒంటారియో ప్రీమియర్ డగ్ ఫోర్డ్, మన నగర మేయరు, ఇమ్మిగ్రేషన్ ఆఫీసుల్లో ఫైళ్లు చూసే అధికారులు, అందరి కోసం ప్రార్థన. తరువాత ఎవరి అంశాలు వారివి, మోకాలి ఆపరేషన్లతో సహా. గుంటూరు వెళ్లాల్సిన సహోదరి మే నెలలో వెళ్లి వాళ్ల నాన్నగారిని చూసి వచ్చింది. ఫ్యాక్టరీ అన్నగారికి ఇంకా షిఫ్టులు తక్కువే.

పోయిన వారం ఆ తమ్ముడు వాక్యం చదివే వంతు. వర్క్ పర్మిట్ ఇంకా కొద్ది నెలలే ఉంది, ఫ్రెంచి పరీక్ష ముందుంది. యెషయా 6:8 ముందు తెలుగులో చదివాడు, తరువాత మెల్లగా, వేలితో ఒక్కో పదం చూపించుకుంటూ ఫ్రెంచిలో చదివాడు. ఉచ్చారణ సరిగ్గా ఉందో లేదో మాలో ఒక్కరికీ తెలియదు. అందరం ఆమేన్ అన్నాం.